జట్టు ఒకటే, పేర్లెన్నో: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కు వికీపీడియాలో శీర్షికల చిక్కు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పేరుకు మూడు ముక్కలుంటాయి. మొదటిది యూనివర్సిటీ పేరు, రెండోది జట్టు ముద్దుపేరు, మూడోది ఆట పేరు. అలబామా క్రిమ్సన్ టైడ్ ఫుట్‌బాల్, మిషిగన్ వుల్వరీన్స్ ఫుట్‌బాల్, టెక్సస్ లాంగ్‌హార్న్స్ ఫుట్‌బాల్. ఇంగ్లీషు వికీపీడియాలో ఈ జట్ల ప్రధాన వ్యాసాలకు పెట్టిన శీర్షికలు ఇవే. ఒక్కో సీజన్ గురించి విడిగా రాసే వ్యాసానికైతే ముందు సంవత్సరం, చివర 'టీమ్' అన్న మాట చేరతాయి: 2005 టెక్సస్ లాంగ్‌హార్న్స్ ఫుట్‌బాల్ టీమ్. ఇంత తేలికైన సూత్రం చుట్టూ ఇన్నేళ్లుగా ఇంత వాదన ఏమిటని బయటివాళ్లకు అనిపించడం సహజం.

చిక్కంతా ఆ మూడు ముక్కల్లోనే ఉంది. యూనివర్సిటీలు కాలేజీలుగా పుట్టి, పేర్లు మార్చుకుంటూ పెరిగాయి. ముద్దుపేర్లలో కొన్ని విలేకరులు తగిలించినవి, కొన్ని విద్యార్థులు ఓట్లేసి ఎంచుకున్నవి, కొన్ని పరువు తక్కువై వదులుకున్నవి. 1869లో ఆడిన ఆటకూ ఇప్పటి ఆటకూ పోలిక చాలా తక్కువ. ఇలా ఒక్కో ముక్కది ఒక్కో చరిత్ర అయినప్పుడు, మూడింటినీ ఒకే నియమంతో కట్టాలని చూస్తే ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది. ఎక్కడెక్కడ బెడిసికొట్టిందో, ఎవరు ఏ మందు వేశారో, ఏది ఇంకా మానలేదో ఒకచోట చేర్చి చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

ముద్దుపేరు శీర్షికలోకి ఎందుకొచ్చింది

అభిమానులు మాట్లాడుకునేటప్పుడు 'అలబామా ఫుట్‌బాల్' అంటారు తప్ప ప్రతిసారీ క్రిమ్సన్ టైడ్ అని కలపరు. స్కోర్ల పట్టికల్లోనూ యూనివర్సిటీ పేరే కనిపిస్తుంది. 2001 జనవరిలో మొదలైన వికీపీడియా క్రమంగా శీర్షికలకు ఐదు గుణాలు ఉండాలని తేల్చుకుంది. శీర్షికను పాఠకుడు గుర్తుపట్టాలి, అది సహజంగా ఉండాలి, కచ్చితంగా ఉండాలి, క్లుప్తంగా ఉండాలి, సాటి వ్యాసాలతో ఒకే వరుసలో ఉండాలి. క్లుప్తత కావాలన్నవాళ్లే శీర్షికలో ఒక మాటను అదనంగా ఎందుకు మోస్తున్నారు?

జవాబులో సగం భూగోళ శాస్త్రం. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి రాష్ట్రాల పేర్లే పెట్టారు. 'అలబామా ఫుట్‌బాల్' అంటే ఆ రాష్ట్రంలో ఆడే ఫుట్‌బాల్ అంతా అని కూడా అర్థం చెప్పుకోవచ్చు. జార్జియా సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ పేరుతో ఒక దేశమే ఉంది, ఆ దేశానికి ఫుట్‌బాల్ జట్టూ ఉంది, ఆడేది మాత్రం మనమంతా ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట. 'జార్జియా బుల్‌డాగ్స్' అన్నాక ఇక ఆ తికమక లేదు. వాషింగ్టన్ విషయంలో ముద్దుపేరు విలువ కాస్త ఆలస్యంగా తెలిసొచ్చింది. 2020లో రెడ్‌స్కిన్స్ పేరు వదిలేసిన రాజధాని వృత్తి జట్టు రెండు సీజన్ల పాటు 'వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్' అన్న పేరుతోనే ఆడింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ సీజన్ వ్యాసాల శీర్షికల్లో 'హస్కీస్' అన్న మాట లేకపోయి ఉంటే ఆ రెండేళ్లూ వికీపీడియన్లకు కంటిమీద కునుకుండేది కాదు.

పోనీ, ముద్దుపేరు ఒక్కటే చాలదా అంటే అదీ కుదరదు. ఎల్ఎస్‌యూ, ఆబర్న్, క్లెమ్సన్, మిస్సోరి, మెంఫిస్ జట్లన్నీ టైగర్సే. అందుకే రెండు మాటలూ కలిపి రాయడం స్థిరపడింది.

మిగతా సగం జవాబు సాంకేతికం, బయటికి కనిపించదు. సీజన్ వ్యాసంలో ఆటల పట్టిక ఉంటుంది. అందులో ప్రతి ప్రత్యర్థి పేరు మీదా ఆ ఏడాది ఆ జట్టు వ్యాసానికి లింకు ఉండాలి. దాన్ని ప్రతిసారీ చేత్తో రాయనక్కర్లేకుండా వికీపీడియన్లు ఒక మూస తయారుచేసుకున్నారు. దానికి సంవత్సరం, జట్టు పూర్తి పేరు, పట్టికలో కనిపించాల్సిన పొట్టి పేరు ఇస్తే చాలు, లింకును అదే కట్టుకుంటుంది. శీర్షికలన్నీ ఒకే అచ్చులో ఉంటేనే ఆ మూస పనిచేస్తుంది. ఎవరైనా ఒక జట్టు పేరును అచ్చు తప్పించి మార్చి, పాత పేరుతో వచ్చినవాళ్లను కొత్త పేజీకి పంపే దారిమార్పు పెట్టడం మరిచిపోతే, ప్రత్యర్థుల వ్యాసాలన్నిటిలో లింకులు గురి తప్పుతాయి. వరుస తప్పకూడదని పట్టుబట్టేవాళ్లు చాదస్తులేం కాదు. వాళ్లలో చాలామంది ఆ పట్టికలను ఏళ్ల తరబడి సరిచేస్తూ వచ్చినవాళ్లే.

జనం పిలిచే పేరా, యాజమాన్యం కోరే పేరా

వికీపీడియాలో అధికారిక పేరుకు ప్రత్యేక హోదా లేదు. నమ్మదగిన మూలాల్లో ఎక్కువగా వాడుకలో ఉన్న పేరుదే పైచేయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ సూత్రం చాలావరకు సాఫీగానే నడిచింది. టెనెసీ కొండల్లో 'యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్' అనే విద్యాసంస్థ ఉంది. 1899లో దాని జట్టు ఆరు రోజుల్లో ఐదు ఆటలు ఆడి, ఐదూ గెలిచి, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ జట్టును అప్పుడూ ఇప్పుడూ అందరూ ఊరి పేరుతో 'సువానీ' అనే అంటారు, వికీపీడియా కూడా అంతే. మిసిసిపి యూనివర్సిటీ వ్యాసం అధికారిక పేరుతో ఉంటుంది, దాని జట్టు వ్యాసం 'ఓల్ మిస్ రెబెల్స్' అన్న పేరుతో ఉంటుంది. సంస్థకు ఒక పేరు, దాని జట్టుకు ఇంకో పేరు ఉండటం ఇక్కడ ఎవరికీ తప్పుగా తోచలేదు. కనెటికట్ జట్లు చాలాకాలం రాష్ట్రం పేరుతో ఉండి, వాడుక మారాక 'యూకాన్ హస్కీస్' అయ్యాయి.

తేలకుండా సాగింది లూసియానా వ్యవహారం. లఫాయెట్ పట్టణంలోని యూనివర్సిటీకి 1999 దాకా సౌత్‌వెస్టర్న్ లూసియానా అని పేరు. ఆ ఏడు అది 'యూనివర్సిటీ ఆఫ్ లూసియానా ఎట్ లఫాయెట్' అయింది. అదే ఏడు మన్రోలోని నార్త్‌ఈస్ట్ లూసియానా కూడా 'యూనివర్సిటీ ఆఫ్ లూసియానా ఎట్ మన్రో' అయింది. ఇద్దరి పేర్లలోనూ రాష్ట్రం ఉంది, ఇద్దరికీ ఊరు తోకగా ఉంది. లఫాయెట్ క్రీడా విభాగం మాత్రం ఆటల వరకు ఆ తోక తీసేసి తమను ఉత్త 'లూసియానా' అనే పిలవాలని మీడియాను గట్టిగా కోరుతూ వచ్చింది. మన్రో వాళ్లకు గానీ, బేటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) అభిమానులకు గానీ ఈ కోరిక రుచిస్తుందని ఎవరూ అనుకోరు.

వికీపీడియా చాలాకాలం 'లూసియానా–లఫాయెట్ రేజిన్ కేజన్స్' అనే రాసింది. మార్చమని వచ్చిన వాదనలో బలం లేకపోలేదు. జట్టు తన పేరు తానే చెప్పుకుంటోంది, జెర్సీ మీద అదే ఉంది, అడ్డుపడటానికి విజ్ఞాన సర్వస్వం ఎవరు? అవతలివాళ్ల వాదన కూడా బలమైనదే. యూనివర్సిటీ పేరులోంచి ఊరు పోలేదు, మన్రో జట్టు పక్కనే ఉంది, ప్రచార విభాగం అడిగిందల్లా రాసుకుంటూ పోతే అది విజ్ఞాన సర్వస్వం ఎలా అవుతుంది? చివరికి తేల్చింది ఈ రెండు వాదనల్లో ఏదీ కాదు. పేరు మార్పు తర్వాత వచ్చిన మూలాలకు ఎక్కువ విలువ ఇవ్వాలన్న విధానం ఒకటుంది. క్రీడా ప్రసారకులు, పత్రికలు క్రమంగా 'లూసియానా' అనడం మొదలుపెట్టాక శీర్షికా మారింది. పాత సీజన్ల వ్యాసాలు మాత్రం లఫాయెట్‌ను వదల్లేదు. వికీపీడియా ఈ విషయంలో ఆలస్యం చేసిందని కోప్పడేవాళ్లున్నారు కానీ, ఆలస్యమే ఇక్కడ సరైన పని. వాడుకను వెనకనుంచి నమోదు చేయాల్సిన చోటు ముందుకెళ్లి వాడుకను తయారుచేస్తే, రేపు పత్రికలు దాన్నే చూసి రాస్తాయి, మనం వాటినే మూలాలుగా చూపిస్తాం.

ఆనాటి పేరా, ఈనాటి పేరా

ఈ మొత్తం చర్చలో అసలు పస ఉన్న ప్రశ్న ఇదే. జట్టు ప్రధాన వ్యాసం ఇప్పటి పేరుతో ఉండాలన్న విషయంలో పెద్దగా పేచీ లేదు. 80 ఏళ్ల కిందటి సీజన్‌కు విడిగా వ్యాసం రాస్తే దానికి ఏ పేరు పెట్టాలి?

ఓక్లహోమా స్టేట్ కౌబాయ్స్ జట్టును తీసుకుందాం. 1957 దాకా ఆ విద్యాసంస్థ పేరు ఓక్లహోమా ఏ&ఎం కాలేజీ. 1945లో ఆ జట్టు తొమ్మిదికి తొమ్మిది ఆటలూ గెలిచింది. చివరి గెలుపు 1946 జనవరి 1న షుగర్ బౌల్‌లో సెయింట్ మేరీస్ మీద, 33–13తో. ఆ సీజన్ వ్యాసానికి వికీపీడియాలో ఉన్న శీర్షిక '1945 ఓక్లహోమా ఏ&ఎం కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్'. ఆనాటి పత్రికలు తిరగేస్తే ఇదే పేరు దొరుకుతుంది. 2016లో అమెరికా ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం పాత సీజన్లను తిరగదోడి ఆ 1945 జట్టును జాతీయ చాంపియన్‌గా గుర్తించింది. 71 ఏళ్ల తర్వాత వచ్చిన ఆ కిరీటాన్ని అందుకుంది ఓక్లహోమా స్టేట్, గెలిచింది ఓక్లహోమా ఏ&ఎం. వార్త చదివి వెతికే పాఠకుడు కొత్త పేరుతో వస్తాడు, పాత పత్రిక చూసి వెతికేవాడు పాత పేరుతో వస్తాడు. దారిమార్పు ఉంటే ఇద్దరూ ఒకే చోటికి చేరతారు కాబట్టి, వెతుక్కోవడంలో ఇబ్బంది అన్న వాదన ఇక్కడ అంతగా నిలవదు. మిగిలేది పేజీ నెత్తిన ఏ అక్షరాలు ఉండాలన్న ప్రశ్న ఒక్కటే. అక్కడ ఆనాటి పేరే ఉండాలన్న చరిత్రవాదుల మాట నెగ్గింది, నెగ్గాల్సిందే కూడా. ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. 2008లో సెహ్వాగ్ నడిపిన జట్టును ఎవరూ ఢిల్లీ క్యాపిటల్స్ అనరు, అది డేర్‌డెవిల్సే. బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే తీరు. 1966లో కెంటకీని 72–65తో ఓడించి చాంపియన్ అయిన జట్టు టెక్సస్ వెస్టర్న్. మరుసటి ఏడే ఆ విద్యాసంస్థ యూటెప్ అయింది, అయినా ఆ గెలుపు కథలో టెక్సస్ వెస్టర్న్ పేరే నిలిచింది.

యూనివర్సిటీ పేరు మారినప్పుడు ఇంత తేలిగ్గా తేలిన న్యాయం, ముద్దుపేరు దగ్గరికొచ్చేసరికి కొంచెం ఇరకాటంలో పడుతుంది. స్టాన్‌ఫర్డ్ జట్టు 1930 నుంచి ఇండియన్స్. విద్యార్థుల్లోని అమెరికా ఆదివాసులు అభ్యంతరం చెప్పడంతో 1972లో ఆ పేరు పోయింది. తర్వాత కార్డినల్స్ అన్నారు. 1981లో అది బహువచనం కాదు, ఒక రంగు పేరు అని తేల్చి కార్డినల్ చేశారు. అందుకే వికీపీడియాలో స్టాన్‌ఫర్డ్ సీజన్ల జాబితా మూడు పేర్ల మీదుగా సాగుతుంది. ఒహాయోలోని మయామీ జట్టు 1990ల చివర్లో రెడ్‌స్కిన్స్ పేరు వదిలి రెడ్‌హాక్స్ అయింది. 2005లో కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ, ఆదివాసులను కించపరిచే ముద్దుపేర్లు, బొమ్మలు వాడే జట్లకు తన చాంపియన్‌షిప్ పోటీల్లో ఆంక్షలు పెట్టింది. ఆ ఒత్తిడితో మన్రో ఇండియన్స్ వార్‌హాక్స్ అయ్యారు, ఆర్కన్సా స్టేట్ ఇండియన్స్ రెడ్ వుల్వ్స్ అయ్యారు. ఫ్లారిడా స్టేట్ మాత్రం అక్కడి సెమినోల్ తెగ సమ్మతి చూపించి సెమినోల్స్ పేరు నిలుపుకుంది.

సంస్థలే సిగ్గుపడి వదిలేసిన మాటను విజ్ఞాన సర్వస్వం పేజీ నెత్తిన ఎందుకు మోయాలని అడిగేవాళ్లున్నారు. ఆ అడగటంలో న్యాయం ఉంది. అయినా 1973లో రెడ్‌స్కిన్స్ అన్న పేరుతో ఆడిన జట్టుకు ఇవాళ రెడ్‌హాక్స్ అని శీర్షిక పెడితే, ఆ పేరు ఒకప్పుడు చాలామందికి తప్పుగా తోచలేదన్న చేదు నిజం కనబడకుండా పోతుంది. పాత పేరు ఎలా వచ్చింది, ఎవరు వద్దన్నారు, ఎలా పోయింది అన్నది వ్యాసం లోపల చెప్పాలి. ఇప్పటి జట్టు వ్యాసంలో ఇప్పటి పేరే ఉండాలి. ఈ రెండూ జరుగుతున్నంతవరకు పాత సీజన్ల మీద పాత పేరు ఉండటమే నిజాయతీ. కార్లైల్ లాంటి చోట ఇంకో దారే లేదు. ఆదివాసీ పిల్లలను ఇళ్లకు దూరంగా ఉంచి చదివించిన ఆ బడి జట్టు పేరు ఇండియన్స్. జిమ్ థోర్ప్ ఆడిన ఆ జట్టు 1911లో హార్వర్డ్‌ను 18–15తో ఓడించింది. బడి 1918లో మూతపడింది. కొత్త పేరు పెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

చరిత్రవాదులు తడబడేది వేరే చోట, ముద్దుపేరు ఎప్పుడు పుట్టిందో తెలియని చోట. నోటర్ డేమ్ యూనివర్సిటీ 'ఫైటింగ్ ఐరిష్' అన్న పేరును అధికారికంగా ఒప్పుకుంది 1927లో. అంతకుముందు కూడా ఆ మాట నలుగురి నోటా ఉంది, దానితో పాటు ఇంకొన్ని పేర్లూ ఉన్నాయి. నలుగురు గుర్రపు రౌతులుగా పేరుపడ్డ ఆటగాళ్లున్న 1924 జట్టు వ్యాసం శీర్షికలో ఫైటింగ్ ఐరిష్ అనే ఉంది. ఆర్మీ జట్టు బ్లాక్ నైట్స్ పేరును అధికారికం చేసుకుంది 1999లో. ఆ మాట పత్రికల్లో అంతకు చాలా ముందునుంచే ఉంది, అయినా 1945 జట్టు శీర్షికలో 'ఆర్మీ క్యాడెట్స్' అని పెట్టారు. ఒకచోట జనం మాట గెలిచింది, ఇంకోచోట అధికారిక తేదీ గెలిచింది. ఈ రెండు నిర్ణయాలనూ ఒకే సూత్రంతో సమర్థించడం కష్టం. విడివిడిగా మాత్రం రెండూ సమర్థనీయమే.

అన్నిటికన్నా పాత జట్టు శీర్షిక ఇంకా విచిత్రం. కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదటి ఆటగా చెప్పుకునేది 1869 నవంబరు 6న న్యూ బ్రన్స్‌విక్‌లో రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య జరిగింది. పక్షానికి పాతికమంది ఆడారు, రట్‌గర్స్ 6–4తో గెలిచింది. ఆనాటికి ప్రిన్స్‌టన్ అసలు పేరు కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ అయింది 1896లో. గొడవ చాలదన్నట్టు ట్రెంటన్ స్టేట్ కాలేజీ 1996లో అదే పాత పేరు తీసుకుంది, దానికీ ఒక ఫుట్‌బాల్ జట్టుంది. రట్‌గర్స్ 'స్కార్లెట్ నైట్స్' అయింది 1955లో. అందుకని వికీపీడియా 1869 జట్టుకు పెట్టిన పేరు 'రట్‌గర్స్ క్వీన్స్‌మెన్'. ఇందులో 'క్వీన్స్' అన్నది ఆ కాలేజీ మొదటి పేరైన క్వీన్స్ కాలేజీది, ఆ పేరు 1825లోనే పోయింది. ముద్దుపేరు గడిని ఖాళీగా వదలలేక పూరించినట్టు కనిపిస్తుంది తప్ప, ఆ రోజు మైదానం చుట్టూ నిలబడ్డవాళ్లు అలా అరిచారని ఆ శీర్షిక రుజువు చేయదు.

ఒకే పేరు, రెండు ఊళ్లు

ఒహాయోలోని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మయామీ యూనివర్సిటీ 1809లో పుట్టింది, అప్పటికి ఫ్లారిడా స్పెయిన్ చేతిలోనే ఉంది. ఫ్లారిడాలోని మయామీ యూనివర్సిటీ వయసు దానికన్నా శతాబ్దం పైచిలుకు తక్కువ, పుట్టింది 1925లో. మయామీ అనగానే లోకానికి తట్టేది మాత్రం ఈ చిన్నదే. పత్రికలు, ఎన్‌సీఏఏ పట్టికలు పేరు పక్కన బ్రాకెట్లో రాష్ట్రం రాసి సర్దుకుంటాయి. వికీపీడియాలో ఆ అవసరం రాలేదు, ఒకరు హరికేన్స్, ఒకరు రెడ్‌హాక్స్. ముద్దుపేరును శీర్షికలో ఉంచడానికి ఇంతకన్నా మంచి సమర్థన లేదు.

ఆ ఉపాయం అన్నిచోట్లా పారదు. ఇలినాయ్‌లోని రాక్ ఐలండ్‌లో ఒక ఆగస్టానా ఉంది, సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో ఇంకో ఆగస్టానా ఉంది. రెండింటి మూలాలూ ఒకే లూథరన్ వలసదారులవి. రెండింటికీ ఫుట్‌బాల్ జట్లున్నాయి, రెండూ వైకింగ్సే. శీర్షికలో రాష్ట్రం పేరు చేర్చక తప్పదు. చేర్చిన మరుక్షణం అయోమయ నివృత్తికి బ్రాకెట్లు వద్దన్న పద్ధతి సడలుతుంది. యూఎస్‌సీ అన్న మూడక్షరాలు సదరన్ కాలిఫోర్నియావీ, సౌత్ కరోలినావీ కూడా. రెండక్షరాల గుర్తు మీద ఈ రెండు యూనివర్సిటీలూ కోర్టుకెక్కాయి, 2010లో తీర్పు కాలిఫోర్నియా వైపు వచ్చింది. వికీపీడియాలో సదరన్ కాలిఫోర్నియా ట్రోజన్స్‌కు పొట్టి పేరు, సౌత్ కరోలినా గేమ్‌కాక్స్‌కు పూర్తి పేరు దక్కింది వేరే కారణంతో. దేశమంతా వాడుక అలాగే ఉంది.

గీతలు, సంవత్సరాలు, వరుసక్రమం

మిగతా తగాదాలను త్వరగా చెప్పుకోవచ్చు. ఊరి పేరును, రాష్ట్రం పేరును కలిపే గీత పొట్టిదా పొడుగుదా అన్న చర్చ మీద ఖర్చైన ఓపిక చూస్తే నవ్వొస్తుంది. పొడుగు గీతే నిలిచింది. పోటీ జట్ల మధ్య వైరం గురించి రాసే వ్యాసాల్లో ఎవరి పేరు ముందు రావాలన్నది అభిమానులకు ప్రాణసంకటం. జార్జియా వాళ్లు జార్జియా–ఫ్లారిడా అంటారు, ఫ్లారిడా వాళ్లు దానికి తిరగేసి అంటారు. అక్షరక్రమం పెట్టి ఫ్లారిడాను ముందు రాశారు, ఇక వాదించడానికేం మిగల్లేదు. మామూలుగా జాక్సన్‌విల్‌లో జరిగే ఆ ఆటను లోకంలోకెల్లా పెద్ద ఆరుబయటి కాక్‌టెయిల్ పార్టీ అని పిలిచే అలవాటుండేది. తాగుడుకు ప్రచారంలా ఉందని 2006లో దాన్ని వాడవద్దని కోరారు, అది శీర్షిక కాకపోవడానికి ఇదీ ఒక కారణం. అలబామా, ఆబర్న్ మధ్య ఆటకు మాత్రం 'ఐరన్ బౌల్' అన్న వాడుక పేరే శీర్షిక. దాన్ని ఎవరూ కాదనరు.

సంవత్సరం దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తడబడతారు. సీజన్ శరత్కాలంలో మొదలై జనవరిలో ముగుస్తుంది కానీ సీజన్ వ్యాసంలో ఒక్క సంవత్సరమే వేస్తారు. సీజన్ చివర ఆడే బౌల్ ఆట వ్యాసానికి మాత్రం ఆ ఆట జరిగిన సంవత్సరం వేస్తారు. టెక్సస్ జట్టు యూఎస్‌సీని 41–38తో ఓడించిన రోజ్ బౌల్ జరిగింది 2006 జనవరి 4న. జట్టు 2005ది, బౌల్ 2006ది. చలికాలమంతా సాగే బాస్కెట్‌బాల్‌లో రెండు సంవత్సరాలూ రాస్తారు. ఫుట్‌బాల్‌లో అలా ఎందుకు చేయరన్న ప్రశ్నకు సంప్రదాయం తప్ప జవాబు లేదు. ఆ జవాబు ఇక్కడ సరిపోతుంది.

పక్షాలను పక్కపక్కన పెడితే

ఇన్ని తగాదాల్లోనూ తిరిగి తిరిగి కనిపించేది నాలుగు పక్షాలు. వాడుక పక్షానికి పాఠకుడు ముఖ్యం. ఓల్ మిస్, సువానీ దాని విజయాలు. వాడుక రెండుగా చీలిన లూసియానా లాంటి చోట దాని దగ్గర మందు లేదు, వేచి చూడమనడమే. చరిత్ర పక్షం సీజన్ వ్యాసాల్లో బలంగా ఉంది, ఆధారం దొరకని 1890ల ముందు దానికి కాళ్ల కింద నేల లేదు. వరుస పక్షం చేతిలో మూసలు, పట్టికలు ఉన్నాయి. ప్రాజెక్టు రోజువారీ పని వాళ్ల మీదే నడుస్తుంది, కాకపోతే క్వీన్స్‌మెన్ లాంటి అతుకులు వచ్చేదీ వాళ్ల పట్టుదల వల్లే. సొంత పేరు పక్షం, అంటే సంస్థ తన పేరు తానే నిర్ణయించుకుంటుందనే పక్షం, చర్చల్లో అందరికన్నా బిగ్గరగా వినిపిస్తుంది, విధానంలో దానికి అందరికన్నా తక్కువ చోటుంది. ఎవరెంత బిగ్గరగా మాట్లాడినా పేజీ పేరు మార్చాలన్న ప్రతిపాదన మీద చర్చ మామూలుగా ఏడు రోజులు నడుస్తుంది. ఏకాభిప్రాయం రాకపోతే ఉన్న పేరే ఉంటుంది. అందువల్ల మొదట ఏ పేరు పెట్టారన్న యాదృచ్ఛికానికి, ఎవరూ ఒప్పుకోనంత బలం ఉంది.

ఇంకా తేలనివి

ముద్దుపేరే లేని సీజన్లు మొదటి చిక్కు. నార్త్ డకోటా జట్టు 2012లో ఫైటింగ్ సూ అన్న పేరు వదులుకుంది. కొత్తది వెంటనే పెట్టుకోకుండా చట్టమే ఆపింది, 2015 చివర్లో ఫైటింగ్ హాక్స్ వచ్చింది. ఆ మధ్య సీజన్ల శీర్షికల్లో యూనివర్సిటీ పేరు, ఆట పేరు మాత్రమే ఉన్నాయి. వరుస చెడింది, ఆకాశమేం విరిగిపడలేదు. ఇక్కడ గడిని ఖాళీగా వదలగలిగినప్పుడు 1869లో ఎందుకు వదలలేమన్నది న్యాయమైన ప్రశ్న. 19వ శతాబ్దపు జట్లన్నిటికీ ముద్దుపేరు తీసేయాలన్న వాదన తర్కంలో గట్టిగా ఉంది. వందల కొద్దీ పేజీలు కదపాల్సి వస్తుందన్న భయం దానికి అడ్డు. ఆధారం స్పష్టంగా లేని చోట ఖాళీయే మేలన్నది ఈ రచయిత పక్షం. కదపడం ఒక్కసారి చేసే పని, పేజీ నెత్తిన ఉన్న లేని పేరు రోజూ చదివేది.

రెండో చిక్కు సీజన్ మధ్యలో మారిన పేరు. డాలస్‌కు ఈశాన్యాన కామర్స్ పట్టణంలోని యూనివర్సిటీ తెలుగు విద్యార్థులకు బాగా తెలిసినదే. 1996 దాకా అది ఈస్ట్ టెక్సస్ స్టేట్, తర్వాత టెక్సస్ ఏ&ఎం–కామర్స్. 2024 నవంబరులో రీజెంట్ల బోర్డు దాని పేరును ఈస్ట్ టెక్సస్ ఏ&ఎం అని మార్చింది. జట్టు మాత్రం ఎప్పుడూ లయన్సే. ఆ నిర్ణయం నాటికి 2024 ఫుట్‌బాల్ సీజన్ ఇంకా ముగియలేదు. ఆనాటి పేరు పెట్టాలన్న నియమం ఇక్కడ ఏ రోజును లెక్కలోకి తీసుకోవాలో చెప్పదు: సీజన్ మొదలైన రోజా, ముగిసిన రోజా, ఎక్కువ ఆటలు ఏ పేరుతో జరిగాయన్నదా? ఒకదాన్ని శీర్షిక చేసి రెండోదాన్ని దారిమార్పుగా ఉంచితే పాఠకుడికి నష్టం లేదు. సీజన్ చివర ఉన్న పేరే పెట్టాలంటే కారణం చెప్పుకోవచ్చు, మొదట ఉన్న పేరే పెట్టాలన్నా చెప్పుకోవచ్చు. ఇలాంటిది ఇంకో చోట జరిగినప్పుడు ఏది పాటించాలో ఎక్కడైనా ఒక వాక్యం రాసి పెట్టుకోవడం ఒక్కటే ఇక్కడ బాకీ.